నాన్నకి వినపడేది, ఫోన్‌లో వినపడనిది

ఈ వారం కబుర్లలోకి వెళ్ళే ముందు మీకో చిన్న పని. మీ ఫోన్‌లో ఇళయరాజా పాట ఏదైనా ఒకటి పెట్టండి. ఇయర్‌ఫోన్స్ వద్దు, మామూలుగా స్పీకర్‌లోనే. ఒక నిమిషం వినండి. ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అదే నిమిషం మళ్ళీ వినండి.

కింద ఏదో కొత్తగా నడుస్తున్నట్టు వినిపించిందా? ఊరికే డుం డుం అని తాళం వేయడం కాదు. పాడేవాళ్ళ పక్కనే ఇంకెవరో లోగొంతుతో తమ పాట తాము పాడుకుంటూ వెళ్తున్నట్టు?

అది బేస్ గిటార్. చిన్నప్పటి నుంచీ రాజా గారి పాటలు వింటూ పెరిగినదాన్ని, వీరాభిమానినని చెప్పుకునేదాన్ని. అయినా ఆ బేస్ గిటార్‌ని నేను సరిగ్గా విన్నది కిందటేడాదే. వినిపించింది మా నాన్న. నాన్నకి చెవులు సరిగ్గా వినపడవు.

"అమ్మకిస్తున్నా"

ఆదివారం పొద్దున్నే ఇంటికి ఫోన్ చేయడం నాకు అలవాటు. నేను హైదరాబాద్‌లో, వాళ్ళు పశ్చిమ గోదావరిలో మా ఊళ్ళో. ఎప్పుడూ నాన్నే ఎత్తేవాడు. "ఆ, చెప్పమ్మా" అనేవాడు. కొన్నాళ్ళకి "ఆ? ఏంటీ? సిగ్నల్ లేదేమో" అనడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకి నా గొంతు వినగానే "ఇదిగో, అమ్మకిస్తున్నా" అని ఇచ్చేయడమే.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేనొక పెళ్ళి సంబంధం వద్దన్నాను. అబ్బాయి మంచివాడే, నాకే అప్పుడు ఇష్టం లేదు. నాన్న ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత నాతో మాట్లాడటం తగ్గించేశాడు. కోపం వచ్చిందనుకున్నా. అమ్మని అడిగితే "ఏమోనే, ఈమధ్య నాతో కూడా సరిగ్గా మాట్లాడట్లేదు. ఏదడిగినా తలూపుతున్నారు" అంది. సరే, ఇద్దరి మీదా అలిగాడన్నమాట అనుకుని నేనూ బిగుసుకుని కూర్చున్నా.

అలా దాదాపు ఏడాది గడిచిపోయింది. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే సిగ్గేస్తుంది.

రీలు ఎప్పుడు అయిపోతుందో చెప్పే మ్యూజిక్

మా నాన్న సినిమా హాల్లో ఆపరేటర్. ముప్పై ఏళ్ళు ప్రొజెక్టర్ రూమ్‌లోనే పనిచేశాడు. డిజిటల్ వచ్చాక ఆ పని పోయింది, తర్వాత కొన్నేళ్ళకి హాలే పోయింది. ఇప్పుడది ఫంక్షన్ హాల్. మా చుట్టాల పెళ్ళిళ్ళు అక్కడే అవుతాయి. నాన్న మాత్రం భోజనం కాగానే బయటికి వచ్చేస్తాడు.

మీలో చాలామంది రీలు చూసి ఉండరు, అందుకే చెప్తున్నా. (మీకు తెలిసిన రీల్ వేరే!) సినిమా రీలంటే సుమారు 1,000 అడుగుల ఫిల్ము. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున 11 నిమిషాలు నడుస్తుంది. రెండేసి రీళ్ళు కలిపి చుట్టుకుంటే ఇరవై నిమిషాలు చిల్లర. హాల్లో రెండు ప్రొజెక్టర్లు ఉంటాయి. ఒకదాంట్లో ఫిల్ము అయిపోయే క్షణానికి రెండోది అందుకోవాలి. ఒక్క సెకను తేడా వచ్చినా తెర తెల్లబోతుంది, కింద జనం ఈలలు, తిట్లు.

ఎప్పుడు మార్చాలో తెలియడానికి తెర మీద కుడివైపు పైమూల ఒక చుక్క తళుక్కుమంటుంది. అది రాగానే రెండో మిషన్ మోటార్ వేయాలి. ఇంకో చుక్క వస్తే మార్చేయాలి. అయితే మా హాలుకి ప్రింటు వచ్చేసరికి అది నాలుగూళ్ళు తిరిగి వచ్చేది. రీళ్ళ చివర్లు తెగిపోయి, అతికించి, చుక్కలు ఎగిరిపోయి ఉండేవి. మరి ఎలా?

"మ్యూజిక్కే గుర్తు" అనేవాడు నాన్న. ఫలానా చోట వయొలిన్లు పైకి లేస్తాయి, ఆ వెంటనే ఆగిపోతాయి, ఆగిన దగ్గర చెయ్యి మీట మీద ఉండాలి. మొదటిరోజు మొదటి రెండు ఆటల్లో ఆ గుర్తులన్నీ పట్టేసేవాడట. తర్వాత ఆ సినిమా ఎన్నాళ్ళాడితే అన్నాళ్ళు, రోజుకి నాలుగు ఆటలు, అదే మ్యూజిక్ వినడం.

అందుకే మా అమ్మ వెక్కిరించేది: "ఊరందరికీ పాటలొచ్చు. మీ నాన్నకి పాటలు తప్ప మిగతా మ్యూజిక్కంతా వచ్చు" అని.

ఆర్‌ఆర్ అంటే

ఆ "మిగతా మ్యూజిక్కు"నే మనం ఇప్పుడు బీజీఎం అంటున్నాం. సినిమావాళ్ళు రీరికార్డింగ్ అంటారు, ముద్దుగా ఆర్‌ఆర్. సినిమా షూటింగ్, ఎడిటింగ్, డబ్బింగ్ అయ్యాక, చివర్లో సీన్లకి సంగీతం కట్టే పని. రాజా గారి రోజుల్లో దాన్ని చేసిన తీరు వింటే మనకి కళ్ళు తిరుగుతాయి. ఒక్కో రీలు వేసి చూపిస్తారు. ఆయన చూస్తారు. పక్కన హార్మోనియం అక్కర్లేదు, నేరుగా కాగితం మీద పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాసేస్తారు. ఏ వయొలిన్ ఏం వాయించాలి, ఫ్లూట్ ఎక్కడ మొదలవ్వాలి, ఎవరు ఎన్ని మాత్రలు ఊరుకోవాలి, అన్నీ అందులోనే. వాద్యకారులు ఆ కాగితాలు చూసి అందరూ ఒకేసారి, తెర మీద బొమ్మ నడుస్తుండగా వాయించాలి. మధ్యలో ఒక్కరు తప్పినా మళ్ళీ మొదటికి.

1943లో తమిళనాడులోని పణ్ణైపురంలో పుట్టి, అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి పాటలు వాయించిన మనిషి ఆయన. మద్రాసు వచ్చాక ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. క్లాసికల్ గిటార్‌లో లండన్ ట్రినిటీ కాలేజ్ పరీక్ష పాసయ్యారు. 1976లో 'అన్నక్కిళి' అనే తమిళ సినిమాతో మొదలుపెట్టారు. ఆ తర్వాత వెయ్యికి పైగా సినిమాలు. ఇదంతా మీకు తెలిసిందే. నేను చెప్పబోయేది ఆ వెయ్యి సినిమాల్లో మనం వినకుండా వదిలేసిన సగం గురించి.

సంక్రాంతి రోజు టీవీలో

2025 సంక్రాంతికి ఇంటికి వెళ్ళా. పండగ మధ్యాహ్నం, భోజనాలయ్యాయి. టీవీలో 'సాగర సంగమం' వస్తోంది. 1983లో వచ్చిన కె. విశ్వనాథ్ గారి సినిమా. సంగీతానికి రాజా గారికి తొలి జాతీయ అవార్డు దీనికే వచ్చింది. మా అత్తలు, పిల్లలు, గారెల ప్లేట్లు, ఒకటే గోల. టీవీ సౌండు ఎవరికీ వినపడట్లేదు. నాన్న మాత్రం కుర్చీ టీవీకి బాగా దగ్గరగా లాక్కుని కూర్చున్నాడు.

బాలు చేతికి మాధవి ఆహ్వాన పత్రిక ఇచ్చే సీన్ వచ్చింది. ఢిల్లీలో నాట్యోత్సవం. బాలు పేజీలు తిరగేస్తుంటాడు. పెద్ద పెద్ద నాట్యకారుల ఫొటోలు. ఒక్కొక్కళ్ళనీ చూసి మురిసిపోతుంటాడు. పేజీ తిప్పితే, తన ఫొటో.

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆశ్చర్యం ఏమిటంటే, సరిగ్గా అంతకు ముందు నిమిషమే అత్త చెవి దగ్గర "అన్నయ్యా, గారెలు ఇంకో రెండు వేయమంటావా?" అని మూడుసార్లు అడిగితే "ఆ, రేపు వెళ్తాలే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాతే బుర్రలో ఏదో కలుక్కుమంది. ఇంత దగ్గర్నుంచి అత్త అడిగింది వినపడని మనిషికి, ఆ గోలలో టీవీలో సినిమా ఎలా వినపడుతోంది?

రాత్రి అందరూ పడుకున్నాక పక్కన కూర్చుని, మొహం మొహంలో పెట్టి, గట్టిగా అడిగా. "నాన్నా, నీకు వినపడట్లేదా?"

చాలాసేపు ఊరుకున్నాడు. "మాటలు తెలియట్లేదమ్మా" అన్నాడు. "శబ్దం వస్తోంది. ఏదో అంటున్నారని తెలుస్తోంది. ఏమంటున్నారో తెలియట్లేదు. ప్రతిసారీ ఏంటీ ఏంటీ అంటే మీరు విసుక్కుంటారని..."

"మరి సినిమా?"

"సినిమాకి మాటలెందుకే. మ్యూజిక్ చెప్తుందిగా."

నేను ఆ రాత్రి ఫోన్‌లో ఆ సీన్ మళ్ళీ చూశా. ముందు సౌండు మొత్తం తీసేసి చూశా. ఒక మనిషి పుస్తకం తిరగేస్తున్నాడు, పక్కనున్న అమ్మాయి అతన్నే చూస్తోంది. కమల్‌హాసన్ నటన గొప్పగానే ఉంది. కానీ ఆ తర్వాతి పేజీలో ఏముందో మన గుండె ముందే ఊహించదు. సౌండుతో చూస్తే ఊహిస్తుంది. బాలుకి తెలియకముందే మనకి తెలిసిపోతుంది, అతనికి ఎప్పుడు తెలుస్తుందా అని మనం ఎదురుచూస్తాం. ఆ ఎదురుచూపుని కట్టింది సంగీతమే.

గీత జారిన చోటు

తర్వాతి వారమే భీమవరంలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. కాగితం మీద ఒక గీత వచ్చింది. ఎడమవైపు, అంటే లావు శబ్దాల దగ్గర, గీత పైనే ఉంది. కుడివైపుకి, సన్న శబ్దాల వైపు, వెళ్ళేకొద్దీ కిందకి జారిపోయింది. వయసుతో వచ్చే చెవుడు చాలామందికి ఇలాగే ఉంటుందట, సన్న శబ్దాలు ముందు పోతాయి. నాన్నకి దానికితోడు ముప్పై ఏళ్ళ మిషన్ చప్పుడు.

మన మాటల్లో అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలం కింది శబ్దాల్లో ఉంటుంది. స, ష, ఫ, త లాంటివి పైన ఉంటాయి. అంటే నేను "సాయంత్రం ఫోన్ చేస్తా" అంటే ఆయనకి చేరేది దాదాపు అచ్చులు మాత్రమే. మాట వినపడుతుంది, అర్థం కాదు. ఏడాదిగా ఆయన నా మీద అలగలేదు. నేను చెప్పేది తెలియక, తెలియట్లేదని చెప్పలేక, ఫోన్ అమ్మకిచ్చేస్తున్నాడు.

ఇంటికొచ్చే దారిలో కార్లో పాటలు పెట్టా. 'గీతాంజలి' పాటలు. నాన్న వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయి. కానీ తబలాతో కాదు, పాటతోనూ కాదు. ఇంకేదో లెక్కలో.

"ఏం వింటున్నావ్?" అని అరిచా.

"కింద నడుస్తోంది చూడు, అది" అన్నాడు.

అప్పుడు విన్నా. బాలు గారు, చిత్ర గారు పాడుతుంటే ఇన్నేళ్ళూ వాళ్ళ వెంటే వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళ కింద బేస్ గిటార్ తన దారిన తాను వెళ్తోంది. పాట పైకి వెళ్తుంటే అది కిందకి దిగుతోంది. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే సందులో అది ఒక చిన్న మలుపు తిరిగి మళ్ళీ బుద్ధిగా వచ్చి కూర్చుంటోంది. మామూలుగా చాలా పాటల్లో బేస్ అంటే ఇంటికి పునాది లాంటిది, కదలకుండా ఉంటే చాలు. రాజా గారి పాటల్లో అది పునాది పనీ చేస్తుంది, ఇంట్లో మనిషిలా తిరుగుతుంది కూడా. గిటార్ చేతబట్టి సంగీతం నేర్చుకున్న మనిషి కాబట్టేనేమో, ఆ తీగకి అంత స్వేచ్ఛ ఇచ్చారు.

నాన్న చెవిలో పై సగం పోయింది. అందుకే కింది సగాన్ని అంత శ్రద్ధగా వింటున్నాడు.

మరి నా సంగతి? బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ శబ్దం సుమారు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ చిన్న గోరంత ఉంటుంది. కొన్ని వందల హెర్ట్జ్ కిందకి దిగితే అది చేతులెత్తేస్తుంది. బేస్ నీడలా తెలుస్తుందేమో గానీ ఒళ్ళు ఉండదు. వంట చేసుకుంటూ, స్నానం చేస్తూ, బట్టలు మడతపెడుతూ ఫోన్ స్పీకర్‌లో పాటలు వింటూ గడిపిన నాకు ఏళ్ళుగా పై సగమే అందింది. ఆ గీత కాగితం తిరగేసి పట్టుకుంటే అది నా ఫోనే.

నాన్నకి చెవి వల్ల సగం. చెవులు రెండూ బాగున్న నాకు ఫోన్ వల్ల ఇంకో సగం. ఇద్దరం ఒకే కార్లో కూర్చుని ఒకే పాటని మొదటిసారి పూర్తిగా విన్నాం.

ఆల్బమ్ లేని సంగీతం

అప్పటి నుంచి రాజా గారి సినిమాలని వేరేగా చూస్తున్నా. పాటలు వచ్చినప్పుడు కాదు, పాటలు అయిపోయాక చెవులు రిక్కిస్తున్నా.

ఉదాహరణకి వంశీ గారి 'అన్వేషణ' (1985). అందులో భానుప్రియ పక్షుల కూతల మీద పరిశోధన చేయడానికి అడవికి వస్తుంది. అసలు కథే "వినడం" గురించి. ఆ అడవిలో హత్యలు జరుగుతుంటాయి, పులి చంపుతోందని అంటుంటారు. ఇలాంటి సినిమాకి సంగీత దర్శకుడి పరిస్థితి ఆలోచించండి. అడవి చప్పుళ్ళు ఉండాలి, హీరోయిన్ వెతికే సంగీతం ఉండాలి, వెనక ఎవరో వస్తున్నారన్న భయం ఉండాలి. మూడూ ఒకదాన్నొకటి మింగేయకూడదు. రాత్రిపూట లైట్లార్పి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. నలభై ఏళ్ళు దాటిన సినిమాకి వెనక్కి తిరిగి చూసుకోకపోతే అడగండి.

మణిరత్నం గారి 'గీతాంజలి' (1989) తీసుకోండి. హీరోయిన్‌ది గుండె జబ్బు. హీరోకీ రోజులు దగ్గరపడ్డాయి. అందులో 'ఓం నమః' పాట గుండె చప్పుడుతో మొదలవుతుంది, దాన్నే తాళంగా పట్టుకుని నడుస్తుంది. ఒకమ్మాయి గుండె ఎన్నాళ్ళు కొట్టుకుంటుందో తెలియని కథలో, ఆ చప్పుడే ప్రేమపాటకి తాళం. దాన్ని మీరు పాటంటారా, ఆర్‌ఆర్ అంటారా? ఆయన దగ్గర ఈ రెండిటికీ మధ్య గోడ చాలా పల్చన. పాటలో విన్న ట్యూనే తర్వాత ఏదో సీన్లో ఒంటరి ఫ్లూట్ మీద, మెల్లగా తిరిగొస్తుంది. మనకి ఆ పాట రోజులు గుర్తొస్తాయి, తెర మీద వాళ్ళకీ గుర్తొస్తున్నాయని మాట లేకుండానే తెలిసిపోతుంది.

ఇక్కడే నాకో బాధ. పాటలకి క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఇప్పుడు యాప్‌లలో ఉన్నాయి. ఆ కాలపు ఆర్‌ఆర్‌కి మాత్రం ఆల్బమ్ అనేదే లేదు, నూటికి తొంభై పాళ్ళు. అది సినిమాలోనే ఉంది. డైలాగుల కింద, తలుపు చప్పుళ్ళ కింద, ఫైటింగ్ డిష్యుం డిష్యుం కింద. సినిమా ప్రింటు పాడైతే అదీ పాడైపోతుంది. యూట్యూబ్‌లో గరగరలాడే సౌండుతో సినిమా ఉంటే, ఆ సంగీతం మనకి మిగిలింది ఆ గరగరలోనే. అభిమానులు మాటలు లేని చోట్లన్నీ వెతికి, కత్తిరించి, ముక్కలు ముక్కలుగా పెడుతుంటారు. మన ఫోన్లలో రింగ్‌టోన్లుగా మోగే రాజా బీజీఎంలు చాలావరకు అలా దక్కినవే. ముప్పై సెకన్ల ముక్క. దాని ముందేముందో, వెనకేముందో మనకి తెలియదు.

వాయించినవాళ్ళ పేర్లు కూడా అంతే. ఏళ్ళ తరబడి ఆయన బృందంలో బేస్ గిటార్ శశిధరన్, గిటార్ సదానందం, డ్రమ్స్ పురుషోత్తమన్, కీబోర్డ్ విజి మాన్యుయెల్, ఫ్లూట్ నెపోలియన్. మనం పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, రాత్రిళ్ళు ఒంటరిగా విన్నది ఈ చేతుల్నే. యాప్‌లో పాట కింద సంగీత దర్శకుడి పేరుంటుంది, గాయకుల పేర్లుంటాయి. వీళ్ళ పేర్లు చాలావాటికి కనపడవు.

అభిమానిని కదా అని అన్నీ గొప్పవే అనను. వెయ్యి సినిమాలు చేసిన మనిషి దగ్గర తిరిగి తిరిగి వచ్చే ముక్కలు ఉంటాయి. ఏడుపు సీన్‌కి అవే వయొలిన్లు, విలన్ రాగానే అదే దడదడ. సీన్లో సరుకు లేనప్పుడు సంగీతం ఎక్కువ మాట్లాడేసిన సినిమాలూ చూశా. రోజుల్లో సినిమా ముగించాల్సిన తొందరలో అవి తప్పవేమో. కానీ ఆ తొందరలోనే 'సాగర సంగమం' పత్రిక సీన్ కూడా పుట్టింది, అదీ విడ్డూరం.

దేశం ఈ పనిని గుర్తించడానికి కూడా టైం పట్టింది. 'సాగర సంగమం', 'సింధు భైరవి', 'రుద్రవీణ' సినిమాలకి ఆయనకి మూడు జాతీయ అవార్డులొచ్చాయి. బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌కి అని విడిగా ఆయన పేరు పిలిచింది 2009 నాటి మలయాళ సినిమా 'పళశ్శి రాజా'కి. తర్వాత 'తారై తప్పట్టై'కి మళ్ళీ అదే అవార్డు. మొదటి సినిమాకీ ఈ గుర్తింపుకీ మధ్య ముప్పై ఏళ్ళకి పైనే. 2025 మార్చి 8న లండన్‌లో ఆయన సింఫనీ 'వేలియంట్' మోగినప్పుడు మనవాళ్ళంతా పండగ చేసుకున్నారు, నేనూ స్టేటస్ పెట్టా. 81 ఏళ్ళ వయసులో సింఫనీ అంటే మాటలా! నాన్నకి చూపిస్తే మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఇన్నాళ్ళూ మా హాల్లో వాయించింది ఏంటనుకున్నావ్?" అన్నాడు.

మళ్ళీ హాల్లోకి

చెవి మిషన్ కొన్నాం. రెండు రోజులు పెట్టుకుని సొరుగులో పడేశాడు. "గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడట్లేదు" అన్నాడు. అమ్మ పోట్లాడింది, నేను పోట్లాడా. మార్పు లేదు.

నవంబర్‌లో 'శివ' మళ్ళీ థియేటర్లలోకి వచ్చింది. 1989 నాటి రామ్‌గోపాల్ వర్మ మొదటి సినిమా, నాగార్జున సైకిల్ చైన్ సినిమా. దాని సంగీతమూ రాజా గారిదే. పాత మోనో సౌండుని డాల్బీ అట్మాస్‌కి మార్చి, 4కేలో వేశారు. నాన్న చెకప్ కోసం హైదరాబాద్ వచ్చి ఉన్నాడు, తీసుకెళ్ళా. తెర చూడకుండా ముందు వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ కిటికీ ఎక్కడుందో చూసుకున్నాడు.

సినిమా మొదలయ్యాక నేను సినిమా కంటే నాన్ననే ఎక్కువ చూశా. పెద్ద స్పీకర్లు, కింది శబ్దాలు సీటులోంచి ఒంట్లోకి వస్తున్నాయి. నాన్న చెయ్యి సీటు చేతి మీద ఉంది. సైకిల్ చైన్ సీన్ దగ్గర హాలంతా ఈలలు. నాన్న ఈల వేయలేదు. ఆ తర్వాత కాసేపటికి, తెర మీద ప్రత్యేకంగా ఏమీ జరగని చోట, ఆయన కుడిచెయ్యి గాల్లోకి లేచి ఏదో మీట నొక్కినట్టు ఆగింది.

బయటికొచ్చాక అడిగా. "అక్కడ రీలు మారుతుందా?"

"మారేది" అన్నాడు. కాసేపాగి, "మ్యూజిక్ తెలిసింది. వయొలిన్లు మాత్రం కనపడలేదమ్మా. అక్కడ వయొలిన్లుండాలి" అన్నాడు.

అదొక్క మాటకే మిషన్ మళ్ళీ సొరుగులోంచి బయటికొచ్చింది. వినికిడి పరీక్ష చేసే ఆవిడకి ఈ సంగతంతా చెప్పాం. మామూలుగా ఈ మిషన్లని మాటల కోసమే సెట్ చేస్తారట. మాట కాని శబ్దాన్ని గోలనుకుని తగ్గించేస్తాయి, అందుకే సంగీతం పాడైపోతుంది. సంగీతం కోసం వేరే సెట్టింగ్ పెట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి 'సాగర సంగమం' పెట్టుకున్నాడు.

వయొలిన్లు వినపడ్డాయి. "రేకు డబ్బాలో వాయిస్తున్నట్టున్నాయి" అన్నాడు. పోయిన చెవి పూర్తిగా తిరిగిరాదు, అది డాక్టర్ ముందే చెప్పారు. కానీ ఆ రేకు డబ్బా వయొలిన్ల కోసం మిషన్ రోజూ పెట్టుకుంటున్నాడు. పెట్టుకున్నాడు కాబట్టి అత్త గారెల సంగతి అడిగితే గారెల సంగతే చెప్తున్నాడు.

మొన్న ఆదివారం ఫోన్ చేస్తే నాన్నే ఎత్తాడు. "ఆ, చెప్పమ్మా" అన్నాడు. అటూ ఇటూ మాట్లాడి, ధైర్యం చేసి అడిగా, ఆ సంబంధం వద్దన్నందుకు అప్పట్లో కోపం వచ్చిందా అని.

"ఏ సంబంధం?" అన్నాడు.

ఎవరూ ఆయనకి వినపడేలా చెప్పనే లేదు.

ఈ వారం మీరు చేయాల్సింది ఇదే. మీ ఇంట్లో ఎవరైనా టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నా, ఫోన్ ఎత్తగానే పక్కవాళ్ళకిచ్చేస్తున్నా, అలిగారనుకోకండి. ఎదురుగా కూర్చుని అడగండి. అడిగాక ఇద్దరూ కలిసి పాత రాజా సినిమా ఒకటి చూడండి. ఫోన్‌లో వద్దు, మంచి స్పీకర్లున్న చోట. పాట రాగానే లేచి నీళ్ళకి వెళ్ళినా ఫర్వాలేదు, పాటలు మీకు వచ్చినవే. పాట అయిపోయేలోపు మాత్రం వచ్చి కూర్చోండి.